నత్తి పైడన్న కొండ గోరింక

ఊ కొట్టేవాళ్ళుంటేనే ఈ కథ నడుస్తుంది. ఊ కొట్టడం ఆపారంటే ముసలి ఎద్దులా ఉన్నచోటే కూలబడుతుంది, తర్వాత నన్ననకండి. కొట్టారా? సరే, వినండి.

అనగనగా, మన తాతల తాతలకు ఇంకా పాలపళ్ళు రాని కాలంలో, కొండల అంచున జీలుగుకోట అని ఒక కోట ఉండేది. కోట కింద పిట్టల వీధి. ఆ వీధిలో పొయ్యి వెలగని ఇల్లయినా ఉండేదేమో గానీ పిట్ట పలకని ఇల్లు లేదు. పిట్టలకు మాటలు నేర్పడమే అక్కడివాళ్ళ పని. ఏడు ఊళ్ళవాళ్ళు వచ్చి కొనుక్కుపోయేవారు.

ఏ పిట్ట మాట్లాడుతుందో, ఏది మాట్లాడదో వాళ్ళకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. రామచిలుకకు మాట పడుతుంది, కానీ గొంతు కీచు. ఊరి గోరింక తొందరగా నేర్చుకుంటుంది, అయితే మనం నేర్పింది కాదు, పక్కింటి తిట్లు. ఇక కొండ గోరింక ఉందే, అది మనిషి గొంతును మనిషి గొంతులాగే పలుకుతుంది. కళ్ళు మూసుకుని వింటే మీ మేనమామే వచ్చాడనుకుని కాళ్ళకు నీళ్ళిస్తారు. అయినా కొనేవాళ్ళు దాన్ని కన్నెత్తి చూసేవారు కాదు. ఒళ్ళంతా నలుపు, చెవుల వెనక పసుప్పచ్చ తోలు. జనానికి పైన పటారం ఉండాలి, లోన లొటారమైనా ఫర్వాలేదు.

నేర్పడానికీ పద్ధతి ఉంది. పిల్ల పిట్ట కావాలి. ఒంటరిగా పెంచాలి; జత ఉంటే అవి రెండూ మాట్లాడుకుంటాయి, మనతో వాటికేం పని? పొద్దున్నే, మేత పెట్టే ముందు, ఒకే మనిషి, ఒకే మాట. ఇవన్నీ మంచి పద్ధతులే. ఒక చెడ్డ పద్ధతి కూడా ఉండేది. మాట తడబడేవాడు పిట్టల ముందు నోరు విప్పకూడదు. పిట్టకు ఒకసారి నత్తి పట్టిందంటే చచ్చేదాకా పోదని వాళ్ళ భయం.

ఆ వీధిలోనే పైడన్న ఉండేవాడు. పిట్టల వీధిలో పుట్టి నత్తితో పుట్టినవాడు. చూడండి వాడి రాత! వాడికి పిట్ట మనసు తెలిసినట్టు ఇంకెవడికీ తెలీదు. మాట్లాడుతుంటే తల వాల్చి వినే పిట్ట ఏదో, మేత తిన్నాక తనలో తాను గొణుక్కునే పిట్ట ఏదో బుట్టెడు పిల్లల్లోంచి ఏరి చూపించేవాడు. అలా వాడు వేలు పెట్టి చూపించిన పిట్ట మాట్లాడకపోవడమంటూ లేదు. కానీ నేర్పడానికి నోరు విప్పబోతే పెద్ద ఒజ్జ, అంటే మాట నేర్పే గురువులందరికీ పెద్ద, గవరయ్య వెంటనే గదిమేవాడు.

"నోరు ముయ్యరా పైడీ! పిట్టలు పాడైపోగలవు. నీకు పంజరాలున్నాయి కదా."

పైడన్న నోరు మూసుకున్నాడు, పంజరం అల్లుకున్నాడు.

ఒక ఎండాకాలం చెట్టు తొర్రలోంచి కొండ గోరింక పిల్ల ఒకటి కింద పడింది. ఈకలు సరిగా లేవు, ఒక కాలు వంకర. "పారీయండి దాన్ని" అన్నాడు గవరయ్య. పైడన్న దాన్ని పంచెలో కట్టుకుని పోయి వెదుళ్ళ పాకలో పెట్టుకున్నాడు. మేడిపండు గుజ్జు చేసి వేలితో తినిపించాడు. తినిపించాక అడగకుండా ఉండలేకపోయాడు. చెవి దగ్గరకు వంగి మెల్లగా అడిగాడు.

"తి... తి... తిన్నావా తల్లీ?"

ఆ పిల్ల నవ్వలేదు. వాడు పుట్టాక వాడి మాట చివరిదాకా విని నవ్వనిది అదొక్కటే. ఇక ఆగుతాడా? రోజూ మూడు పూటలా పెట్టడం, మూడు పూటలా అడగడం.

తొలకరి దాటింది. ఒకనాటి పొద్దున పైడన్న వెదుళ్ళు చీలుస్తుంటే వెనక ఎవరో మనిషి పలికాడు.

"తి... తి... తిన్నావా తల్లీ?"

కత్తి చేతిలోంచి జారింది. తిరిగి చూస్తే మనిషి లేడు. నల్ల పిట్ట ఛాతీ విరుచుకుని, పసుపు ముక్కు పైకెత్తి కూర్చుంది. అది వాడి గొంతే. అదే తడబాటు, అదే సాగదీత. తన మాటను తాను బయటి నుంచి వినడం పైడన్నకు అదే మొదలు. ఇన్నాళ్ళూ ఎంత వికారంగా ఉంటుందో అనుకున్నాడు. విన్నాడు. మళ్ళీ విన్నాడు. బాగానే ఉందే అనుకున్నాడు, ఏడ్చాడు.

కానీ వీధి విన్నది. గవరయ్య పరుగున వచ్చాడు.

"ఏటి పని సేసినావురా! ఇది బయట పలికితే మన వీధి పిట్టల్ని కొనేదెవడు? గుడ్డ కప్పి దాచీ!"

పైడన్న నోరు మూసుకున్నాడు, గుడ్డ కప్పాడు, పంజరం అల్లుకున్నాడు.

అక్కడ కోటలో ఇంకో గోడు నడుస్తోంది. రాజుగారికి ఒక్కతే కూతురు, నీలాయమ్మ, ఏడేళ్ళది. ఐదేళ్ళప్పుడు పండగ కొలువులో పద్యం చెప్పబోయి మాట తట్టుకుంటే చుట్టాలంతా పగలబడి నవ్వారు. అంతే, ఆ పిల్ల నోరు మూతపడింది. రెండేళ్ళు. అమ్మా అని కూడా అనలేదు. ఆ కోట ఆచారం ప్రకారం వారసులు ఏడో ఏడు దసరా కొలువులో నిలబడి తమ పేరు తాము చెప్పాలి. చెప్పలేకపోతే గద్దె దాయాదులది. దాయాదులు అప్పుడే కొత్త తలపాగాలు కుట్టించుకుంటున్నారు.

మాట రాని పిల్లలకు చిలక కొరికిన జాంపండు పెట్టడం, మాట్లాడే పిట్టను ఎదురుగా కూర్చోబెట్టడం ఆ సీమలో వాడుక. రాజుగారు పిట్టల వీధికి కబురు పెట్టారు. గవరయ్య అచ్చమైన పలుకున్న పిట్టల్ని ఏరాడు. పంజరం మోసేవాడు పైడన్న.

మొదటి రోజు రామచిలుకను తీసుకెళ్ళారు. "శ్రీరామ జయరామ" అంది, గుళ్ళో పూజారిలాగే. కోటంతా చప్పట్లు. నీలాయమ్మ గోడవైపు తిరిగింది.

రెండో రోజు పెద్ద చిలుకను తీసుకెళ్ళారు. రాజుగారి వంశంలో ఏడు పేర్లు వరుసగా చెప్పింది. కోటంతా చప్పట్లు. నీలాయమ్మ చెవులు మూసుకుంది.

మూడో రోజు ఊరి గోరింకను తీసుకెళ్ళారు. "నీలాయమ్మకు జయం" అంది, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. కోటంతా చప్పట్లే చప్పట్లు. నీలాయమ్మ ముడుచుకుపోయి మోకాళ్ళలో తల పెట్టుకుంది. పిట్టకు వచ్చిన పేరు నాకు రాలేదే అనుకుంటుంది కదా ఏ పిల్లయినా? ఆ పెద్దతలకాయల్లో ఒక్కదానికీ తట్టలేదు.

పంజరం ఎత్తుకుంటూ పైడన్న వంగాడు. పిల్ల పెదవులు కనబడ్డాయి. చప్పుడు లేకుండా కదులుతున్నాయి, ఆగుతున్నాయి, మళ్ళీ కదులుతున్నాయి. ఆ అవస్థ వాడికి తెలుసు. వాడి నోటితో వాడు నలభై ఏళ్ళు పడ్డదే.

తెల్లారింది. దసరాకు ఇంకా తొమ్మిది రోజులు. పైడన్న గుడ్డ తీసి గోరింక పంజరం భుజాన పెట్టుకున్నాడు. గవరయ్య చూసి వీధికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎక్కడికిరా? వీధి పరువు తీసీగలవు. నోరు మూసుకుని పంజరాలు అల్లుకో!"

పైడన్న ఈసారి నోరు మూసుకోలేదు.

"నా... నా... నానెళ్తాను" అన్నాడు.

వెళ్ళాడు. పంజరాలు తెచ్చేవాడే కదా అని కాపలావాళ్ళు వదిలేశారు. వసారాలో రాజుగారు, దాయాదులు, దాసీలు, మధ్యలో పీట మీద నీలాయమ్మ. పైడన్న పంజరం దించి పిల్ల కళ్ళ ఎత్తుకు పెట్టాడు. గోరింక తల వాల్చి ఆ పిల్లను చూసింది.

"తి... తి... తిన్నావా తల్లీ?"

ఇక చూడండి నవ్వులు! దాయాదులు పొట్టలు పట్టుకున్నారు. మనిషైతే ఆ నవ్వుకు చచ్చిపోయేవాడు. పిట్టకేం తెలుసు సిగ్గు? ఇంకా గట్టిగా అంది.

"తి... తి... తిన్నావా తల్లీ?"

మళ్ళీ నవ్వారు. పంజరం అదిరిపోయేటట్టు మూడోసారి అంది. ఈసారి నవ్వు పలచబడింది. ఎంతసేపని నవ్వుతారు, అవతలివాడు సిగ్గుపడకపోతే?

రాజుగారు మాత్రం కత్తి మీద చెయ్యి వేసి లేచారు. "నా బిడ్డను ఎక్కిరించడానికి నేర్పావట్రా దీనికి?"

పైడన్న అందరి ముందూ నోరు విప్పాలి, లేకపోతే తల పోతుంది.

"ఎ... ఎ... ఎక్కిరింపు కాదు బాబూ. ఇ... ఇది నా గొంతు. నా... నాకు ఉన్నది ఇదొక్కటే. అ... అదే దానికి ఇచ్చాను."

రాజుగారి చెయ్యి కత్తి మీద నుంచి జారింది. నీలాయమ్మ పీట దిగింది. పిట్టను చూసింది, పైడన్నను చూసింది. రెండేళ్ళ తర్వాత పెదవులు విడివడ్డాయి.

"ది... ది... దీని పేరేటి?"

రాజుగారు అక్కడే నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. దాసీలు ఏడ్చారు. నేనూ ఇక్కడికొచ్చేసరికి ఎప్పుడూ కళ్ళు తుడుచుకుంటాను, ఏమీ అనుకోకండి. ఊ కొట్టండి.

తొమ్మిది రోజులూ పిల్ల, పిట్ట, పైడన్న ముగ్గురూ మాట్లాడుకున్నారు. ఒకరి మాట ఒకరు అందుకోలేదు, ఎవరి మాట వాళ్ళు పూర్తిచేసుకునేదాకా మిగతా ఇద్దరూ కాచుకున్నారు. నత్తి పోయిందా అంటారా? పోలేదు. పోవాలని వాళ్ళలో ఎవరూ అనుకోలేదు.

దసరా వచ్చింది. కొలువు నిండింది. నీలాయమ్మ గద్దె ముందు నిలబడింది.

"నీ... నీ... నీలాయమ్మ."

దాయాదుల వరసలో ఒకడు కిసుక్కున నవ్వాడు. రాజుగారు లేవబోయారు. పిల్ల చేత్తో ఆపింది. వాడివైపు తిరిగి, ఛాతీ విరుచుకుని, ఇంకా గట్టిగా చెప్పింది.

"నీ... నీ... నీలాయమ్మ!"

ఎవరో దగ్గారు. మూడోసారి కోట బురుజులదాకా వినబడేటట్టు చెప్పింది. ఈసారి ఒక్కడు నవ్వలేదు. కొలువంతా లేచి నిలబడింది. కొత్త తలపాగాలు ఏమయ్యాయో నన్నడక్కండి.

రాజుగారు పైడన్నను పిలిచి ఏం కావాలో కోరుకోమన్నారు. మడులా, మాన్యాలా, ఏనుగా? పైడన్న చాలాసేపు తంటాలు పడి చెప్పాడు, కొలువంతా కాచుకుంది.

"వీ... వీధిలో ఒక అరుగు ఇప్పించండి బాబూ. పి... పిట్టలకి నానూ మాట నేర్పుతాను."

ఆ అరుగును తన చేత్తో అలికి ముగ్గు పెట్టినవాడు ఎవరనుకున్నారు? గవరయ్యే. పెట్టి, "కూకో ఒజ్జా" అన్నాడు. పిట్టల వీధిలో ఒజ్జ అంటే మాటలా? పైడన్న కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళు కూర్చున్నాడు. నీలాయమ్మ గద్దెనెక్కాక కూడా నెలకోసారి అక్కడికే వచ్చి తనూ పక్కన కూర్చునేది. పైడన్న పోయిన రోజు ఆవిడే పాడె పట్టింది. రాణి పాడె పట్టడమేమిటని గొణిగినవాళ్ళు గొణిగారు. ఆవిడ తిరిగి చూడలేదు.

ఇప్పుడు కోట లేదు, రాళ్ళున్నాయి. పిట్టల వీధి మాత్రం ఉంది. అక్కడ ఏ పిట్టకయినా మొదటి మాట "తి... తి... తిన్నావా తల్లీ" అనే నేర్పుతారు. నత్తి లేని ఒజ్జలు కూడా అలాగే నేర్పుతారు. రెండో మాట నుంచి మీ ఇష్టం.

ఇంకొకటి. ఆ సీమలో సంతలో గానీ, పెళ్ళిపందిట్లో గానీ, ఎవరికయినా మాట తట్టుకుంటే చుట్టూ ఉన్నవాళ్ళు ఆ మాట అందుకోరు, తొందరపెట్టరు. పెద్దవాళ్ళెవరో ఒకరు చెయ్యెత్తుతారు.

"ఆగండర్రా, పైడన్న పిట్ట పలుకుతోంది."

అందరూ ఆగుతారు. బేరాలు ఆగుతాయి, సన్నాయి ఆగుతుంది. ఆ మనిషి తన మాట తాను పూర్తిచేసేదాకా ఒక్కరూ కదలరు.