గడప బయటి పాఠం

డప్పు నేర్పే ఇసాకు మాస్టారిని ఏదైనా అడిగితే సూటిగా జవాబు రాదు. ముందు డప్పును నిప్పుల సెగకు చూపిస్తూ కూర్చుంటారు. తోలు బిగిసేదాకా అడిగినవాళ్లు ఓపిక పట్టాల్సిందే. పట్నం నుంచి వచ్చిన శిష్యురాలు హైమకు ఆ ఓపిక కాస్త తక్కువ.

“మాస్టారూ, డప్పు పుట్టింది దేవుడి కోసమా, చావు కోసమా? ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంది,” అని అడిగింది ఒకరోజు.

మాస్టారు తన పాతికేళ్ల వయసు నాటి సంగతి ఎత్తుకున్నారు.

అప్పట్లో ఊరికి చాటింపు వేసేది ఇసాకే. గోదావరికి వరదొచ్చింది. మధ్యాహ్నానికి ఏటిగట్టు ఒకచోట బీటలు వారింది. కాలువ అవతల పల్లంలో ముప్పై గుడిసెలున్నాయి. గట్టు సంగతి వాళ్లకు తెలియదు. వెళ్లి చెబుదామంటే కాలువ మీది వంతెన అప్పటికే మునిగింది. ఆ గాలివానలో ఎంత గొంతు చించుకున్నా కేక అవతలికి చేరలేదు. డప్పు మోత అయితే చేరుతుంది. కానీ తోలు నానిపోయి, కొడితే తడిగోనె మీద కొట్టినట్టుంది. కాచుకుందామంటే బయట ఎక్కడా నిప్పు లేదు.

కాలువ ఇవతల మెరక మీదున్న పెద్దింట్లో పొయ్యి మండుతోంది. ఇసాకు వంటింటి దాకా పరుగెత్తి, గడప ముందు ఆగిపోయాడు. దాటడానికి కాళ్లు రాలేదు. అవతల ముప్పై గుడిసెలు మునిగిపోబోతున్నా రాలేదు. అందుకు ఆయనకు ఇప్పటికీ తన మీదే కోపం.

ఆ ఇంటి కోడలు రత్తమాంబ సంగతి విని, అన్నం గిన్నె దించి చెయ్యి చాచింది. “ఇటియ్యి.”

“తోలండీ, అమ్మగారూ...”

“తెలుసులే. ఇయ్యి.”

సావిట్లోంచి అత్తగారు “పొయ్యి మైలపడుద్దే!” అని అరుస్తూనే ఉంది. రత్తమాంబ డప్పును ఏకంగా మంట మీద పెట్టబోయింది. ఉన్నది ఆ ఒక్క డప్పే. తోలు చిట్లిందంటే అవతలి వాళ్లకు ఇక దిక్కు లేదు.

“అంత దగ్గరకొద్దండీ, పగిలిపోద్ది! తిప్పుతా ఉండండి.”

“ఎంత కాగాలి?”

“వేలితో కొట్టి చూడండి. మోగిందాకా.”

ఆమె కొట్టింది. చప్పగా పలికింది. తిప్పి, కాచి, మళ్లీ కొట్టింది. ఏటిగట్టు పెళ్లలు విరిగి నీళ్లలో పడుతున్న చప్పుడు వంటింట్లోకి వినబడుతోంది. ఇసాకు గడప బయటే నిలబడి డప్పు పలుకు కోసం చెవి ఒగ్గాడు. మూడోసారికి డప్పు ఖంగుమంది.

కాలువ ఒడ్డున నిలబడి సత్తువకొద్దీ కొట్టాడు. అవతల ఒక తలుపు తెరుచుకుంది, వెనకే ఇంకొకటి. పిల్లల్ని చంకనేసుకుని జనం ఎత్తు మీదున్న బడికి పరుగెత్తారు. ఆఖరి ముసలమ్మను మోసుకెళ్లిన కాసేపటికే గట్టు తెగింది. మనిషన్నవాడు ఒక్కడు కూడా పోలేదు. మర్నాడు పెద్దింటివాళ్లు ఆ పొయ్యిని పడగొట్టించి కొత్తది వేయించుకున్నారు.

హైమ ఊరుకోలేక, “అయితే మాస్టారూ, దేవుడి కోసమనా, చావు కోసమనా?” అంది.

మాస్టారు డప్పును ఆమె చేతిలో పెట్టారు.

“నేను మొదట పాఠం చెప్పింది రత్తమాంబగారికేనమ్మా. ఆవిడ ఆ మాట అడగలేదు. ఎంత కాగాలని అడిగారు.”