నేను అనకూడని రాజ్యం

పూర్వం పెన్నా నది ఒడ్డున శైలవరం అనే చిన్న రాజ్యం ఒకటుండేది. దాన్ని ఏలే ఉదయార్క మహారాజు మంచివాడే గాని, తొందర మనిషి. కాలువ తవ్వించినా, కోట కట్టించినా తెల్లారేసరికి పూర్తి కావాలనేవాడు.

ఆయన కొలువులో పేరిశాస్త్రి అనే పండితుడుండేవాడు. రోజూ సాయంకాలం రాజుగారికి పురాణం చెప్పడం ఆయన ఉద్యోగం. మాట నెమ్మది, చూపు చురుకు. సభంతా పగలబడి నవ్వుతున్నా తాను మాత్రం మీసం కదలకుండా కూర్చోగలిగిన ఘనుడు.

ఒకనాడు పురాణం మధ్యలో శాస్త్రి, మనిషి బంధాలన్నిటికీ మూలం 'నేను, నాది' అనే భావమనీ, ఆ ముడి వదులైతే ఆత్మజ్ఞానం కలుగుతుందనీ చెప్పాడు. దిండుకు చేరగిలబడి వింటున్న రాజు లేచి కూర్చున్నాడు.

"అంతేనా? ఇంత సులువా?"

"చెప్పడం సులువు, ప్రభూ. ఆ ముడి విప్పుకోవడానికి కొందరికి ఒక జన్మ చాలదు."

"జన్మలెందుకయ్యా? ఈ వానాకాలం వెళ్ళేలోగా ప్రజలందరికీ విప్పించేస్తాను."

శాస్త్రి ఏదో చెప్పబోయాడు. ఈలోగా పక్కనుంచి ఆస్థాన విద్వాంసుడు మహేశ్వర దీక్షితులు లేచాడు. ఆయన లేచాడంటే ముందు కాలి గండపెండేరం మోగేది, తర్వాత ఆయన గొంతు మోగేది.

"దివ్యమైన సంకల్పం, ప్రభూ. భావాన్ని పట్టుకోవడం కష్టం గాని మాటను పట్టుకోవచ్చు. 'నేను' అనే మాటను మాన్పించండి. పలికేవాడు లేక ఆ భావం దానంతటదే నశిస్తుంది."

మర్నాడే ఊరంతా దండోరా వేశారు. నేటి నుంచి శైలవరంలో ఎవరూ 'నేను' అనకూడదు, 'నాది' అనకూడదు. 'మేము, మాది' కూడా కూడదు. అన్నవారికి అహంకారం వదిలేదాకా ఆత్మవిచార మందిరంలో నివాసం. మందిరమంటే మరేమీ కాదు, ఏనుగులు లేక ఖాళీగా పడి ఉన్న పాత గజశాల. దానికి సున్నం కొట్టించి, గుమ్మం మీద ఆ పేరు రాయించారు.

మొదట్లో అందరికీ తమాషాగానే ఉంది. కొలువులో ఉద్యోగులు 'ఈ దేహం' అని చెప్పుకోవడం నేర్చారు. "ఈ దేహానికి నడుం నొప్పిగా ఉంది, ఈ పూట సెలవిప్పించండి" అని ఒకరు, "ఈ దేహపు అల్లుడు ఊరినుంచి దిగాడు" అని ఇంకొకరు. రాజుగారు తనను 'ఈ సింహాసనం' అని చెప్పుకునేవాడు. ఒకసారి "ఈ సింహాసనానికి దాహంగా ఉంది" అంటే, కొత్తగా చేరిన పరిచారకుడు చెంబెడు నీళ్ళు తెచ్చి భక్తిగా సింహాసనం కాళ్ళమీద పోశాడు.

తర్వాత తమాషా తగ్గింది. గురవయ్య అనే రైతు సంతలో తప్పిపోయిన ఎద్దును చూసి "అదిగో నా ఎద్దు" అన్నాడు. ఎద్దు అక్కడే ఉండిపోయింది, గురవయ్యను మాత్రం గజశాలకు పట్టుకుపోయారు. ఒక మంత్రసాని పురిటింటి గుమ్మంలో నిలబడి "భయపడకు తల్లీ, నేనొచ్చాను" అంది. ఆమెనూ తీసుకుపోయారు. లోపలి పిల్ల ఎలా బయటపడిందో ఆ దేవుడికే తెలియాలి.

అసలు చిక్కు అది కాదు. గజశాలలోకి వెళ్ళినవారెవరూ బయటికి రావడం లేదు. అహంకారం వదిలిందో లేదో తేల్చే పరీక్షాధికారి దీక్షితులుగారే. వచ్చి, "అహంకారం పోయిందా?" అని అడుగుతాడు. పోయిందంటే, "పోయిందని చెప్పుకుంటున్నది ఎవరు? అదే అహంకారం, ఉండు" అంటాడు. పోలేదంటే, "అయితే పోయేదాకా ఉండు" అంటాడు. ఈ పరీక్షను రాజుగారు విని, ఆహా ఎంత సూక్ష్మం అని మెచ్చుకుని శాలువా కూడా కప్పాడు.

ఇలా ఉండగా ఒక ఉదయం పేరిశాస్త్రి భార్య అచ్చమాంబ అంగడికి వెళ్ళింది. తాను ఏరి పక్కన పెట్టించుకున్న గుమ్మడికాయను కొట్టువాడు వేరేవాళ్ళకు ఇవ్వబోతుంటే, "అది నాకని చెప్పాను గదయ్యా" అంది. వెనకే భటులున్నారు.

కబురు అందగానే శాస్త్రి పై కండువా కూడా లేకుండా గజశాలకు పరుగెత్తాడు. కిటికీ ఊచల వెనక అచ్చమాంబ కనిపించింది. అలసటగా ఉన్నా ముఖంలో బెదురు లేదు.

"వచ్చారా. పొయ్యిమీద పప్పు మాడి ఉంటుంది."

"ఈ దేహం దించి వచ్చింది."

"ఆ దేహం గోల ఊచలకు అవతల ఉన్న మీకు. మాకు లేదు. రాజ్యం మొత్తంలో 'నేను' అని హాయిగా అనుకోగలిగిన చోటు ఇదొక్కటే." నవ్వింది గాని వెంటనే గొంతు తగ్గించింది. "చూడండి, ఆ మంత్రసాని పొద్దుటినుంచి ఏడుస్తూనే ఉంది, ఎవరింట్లో ఏమైందోనని. మీరు పురాణంలో చెప్పిన మాటే గదా ఇంత తెచ్చింది. మీ మాటతోనే ఇది పోవాలి."

శాస్త్రి తలుపువైపు చూశాడు. మనుషుల్ని విడిపించడానికి పెద్దలు చెప్పిన మాట, తన నోటినుంచి వెళ్ళి తలుపుకు గొళ్ళెమై కూర్చుంది. కాసేపు ఊచలు పట్టుకుని నిలబడి ఆలోచించాడు. అంతలో ఆయన కళ్ళు మెరిశాయి.

"రేపు రాజుగారికి బిరుదు ఇస్తున్నారు. సభకు వెళ్ళేముందు దీక్షితులుగారు ఇటు రాకమానరు. ఆయన అడిగినప్పుడు ఎవ్వరూ నోరు విప్పవద్దు. ఔననీ వద్దు, కాదనీ వద్దు."

"మాట్లాడకపోతే వదులుతాడా?"

"వదలడు. వదలకపోవడమే కావాలి."

అచ్చమాంబ ఆ మాట చెప్పడానికి లోపలివాళ్ళ దగ్గరికి వెళ్ళింది.

మర్నాడు కోట తోరణాలతో కళకళలాడింది. రాజుగారికి 'నిరహంకార సార్వభౌమ' అనే బిరుదు. దాన్ని చెక్కిన బంగారు పతకం పళ్ళెంలో ధగధగలాడుతోంది. శాస్త్రి తన చోట కూర్చున్నాడు. ఎత్తు పారితే అందరూ బయటికి వస్తారు, పారకపోతే తానూ లోపలికి పోతాడు.

దీక్షితులు పతకం చేతిలోకి తీసుకోగానే శాస్త్రి లేచాడు.

"ప్రభూ, చిన్న విన్నపం. ఈ బిరుదు సంగతి పొరుగు రాజ్యాలకు పాకుతుంది. అక్కడి పండితులు, ప్రజలకు పెట్టిన పరీక్ష రాజుకు పెట్టారా అని అడుగుతారు. లేదంటే బిరుదుకు మచ్చ."

"పరీక్షంటే ఈ సింహాసనానికి భయమా? పెట్టమను" అన్నాడు రాజు దర్జాగా.

దీక్షితుల ముఖం పాలిపోయింది. "ఏలినవారికి పరీక్షేమిటి..." అని నసిగాడు.

"అడుగు."

తప్పలేదు. "ప్రభూ... అహంకారం పోయిందా?"

రాజు ఠక్కున నోరు తెరిచాడు. 'పోయింది' అనే మాట నాలుక చివరిదాకా వచ్చి, తాను మెచ్చి శాలువా కప్పిన సూక్ష్మం గుర్తొచ్చి ఆగిపోయింది. పోలేదందామంటే ఎదురుగా పతకం. తెరిచిన నోరు మెల్లిగా మూసుకున్నాడు.

దీక్షితులకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. "చూశారా, సభాసదులారా! ఇదే జ్ఞాని లక్షణం. మౌనమే సమాధానం."

"అంటే అడిగినప్పుడు మౌనంగా ఉన్నవారికి అహంకారం పోయినట్టేనా?" అన్నాడు శాస్త్రి వినయంగా.

"సందేహమేముంది? ఆత్మజ్ఞాని భాషే మౌనం."

"రాజుకైనా, పేదకైనా?"

"శాస్త్రం అందరికీ ఒకటేనయ్యా."

శాస్త్రి కోటకావలి నాయకుడు ఓబుళనాయుడి వైపు తిరిగాడు. "నాయుడుగారూ, ఈ ఉదయం గజశాలలో దీక్షితులుగారు పరీక్ష పెట్టినప్పుడు మీరూ ఉన్నారు గదా. లోపలివాళ్ళు ఏమన్నారు?"

నాయుడు అబద్ధం ఎరగని మనిషి. "ఏమీ అనలేదండి. అందరూ మౌనంగా కూర్చున్నారు."

"దీక్షితులుగారు ఏమన్నారు?"

"మౌనం అహంకారానికి పరాకాష్ఠ అన్నారండి. ఇది తలబిరుసు, ఇంకా కొన్నాళ్ళు ఉండండి అని తాళం వేయించారు."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అది వరసవెంట వరస పాకి, సభంతా కండువాలు నోటికి అడ్డం పెట్టుకుంది. దీక్షితులు పతకం పట్టుకుని బొమ్మలా నిలబడిపోయాడు. శాస్త్రి మీసం కదల్లేదు.

రాజుకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక్క ఉదుటున లేచాడు.

"ఎవరిని చూసి నవ్వుతున్నారు? ఈ రాజ్యంలో అహంకారాన్ని వేళ్ళతో పెకలించింది ఎవరనుకున్నారు? నేను!"

నవ్వులు ఆగిపోయాయి. ఓబుళనాయుడు మాత్రం అలవాటు కొద్దీ ఒక అడుగు ముందుకు వేసి, వేశాక ఎవరివైపు వేశాడో తెలిసి, అడుగు వెనక్కి తీయలేక నిలబడిపోయాడు.

"ఏమిటలా చూస్తావు, నాయుడూ?" గర్జించాడు రాజు.

"ఏలినవారు ఆ మాట అన్నారండి."

"ఏ మాట?"

"అది చెబితే ఈ దేహం కూడా లోపలికి పోవాలి, ప్రభూ."

రాజు అతణ్ణి చూశాడు. పతకాన్ని చూశాడు. తన చూపుడువేలు ఇంకా తన రొమ్మువైపే చూపిస్తోందని గమనించాడు. ముందు పెదవి వణికింది, తర్వాత భుజాలు కదిలాయి, ఆ తర్వాత సింహాసనం చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. అప్పుడు గాని సభ ఊపిరి తీసుకోలేదు.

"పద, నాయుడూ. దండోరా అందరికీ ఒకటే" అని మెట్లు దిగాడు.

వద్దని మంత్రులు వెంటపడినా ఆగలేదు. రాజు ముందు, నాయుడు పక్కన, శాస్త్రి వెనక, సభంతా ఆయన వెనక. గజశాల తలుపు తెరవగానే లోపలివాళ్ళు గాభరాగా లేచారు. రాజు అందరినీ కూర్చోమని, తానూ వాళ్ళ మధ్య గడ్డిమీద చతికిలబడ్డాడు.

రైతు గురవయ్య తువ్వాలు మూటలోంచి గుప్పెడు అటుకులు తీసి, భయం భయంగా చెయ్యి చాపాడు. "నా వాటాలో సగం తీసుకోండి, ప్రభూ. ఎండలో నడిచి వచ్చారు."

రాజు అటుకులు అందుకున్నాడు. నాలుగు నోట్లో వేసుకుని శాస్త్రివైపు తిరిగాడు.

"శాస్త్రీ, ఇతను 'నా' అన్నాడు. ఇందులో అహంకారం ఎక్కడుంది?"

"వెతికినా దొరకదు, ప్రభూ."

"మరి ఇన్నాళ్ళూ 'ఈ సింహాసనం, ఈ సింహాసనం' అన్నాను. అందులో?"

శాస్త్రి తల వంచుకుని ఊరుకున్నాడు.

"సరే. ఈ మౌనం ఏ రకమో నాకు తెలిసింది" అన్నాడు రాజు.

అప్పుడు అచ్చమాంబ ముందుకు వచ్చింది. "ప్రభూ, నియమం ప్రకారం ఇక్కడ ఒక పరీక్ష ఉంది. నన్ను అడగమంటారా?"

"అడుగు, తల్లీ."

"అహంకారం పోయిందా?"

"లేదమ్మా. దిట్టంగా ఉంది. ఇందాక సభలో దాని గొంతు నా చెవులారా విన్నాను."

"దాని గొంతు పోల్చుకున్నవారికి ఇక్కడ పనిలేదు. వెళ్ళిరండి."

శాస్త్రి భార్యవంక తెల్లబోయి చూశాడు. లోపల అరిచేది ఒకటుంటుంది, దాన్ని వినేది వేరొకటుంటుంది, ఆ వినేదే మనిషి అసలు స్వరూపం. ఇది చెప్పడానికి తనకు ఒక వానాకాలం పురాణం పట్టేది.

ఆ పూటే దండోరా రద్దుచేసి, గజశాల తలుపులు బార్లా తెరిచారు. మంత్రసానిని రాజుగారి బండిలోనే పంపించారు. వెళ్ళిన చోట తల్లీబిడ్డా క్షేమంగా కనిపిస్తే ఆమె గడపలోనే కూలబడి ఏడ్చింది. గురవయ్యకు కోట మందలోంచి మేలుజాతి ఎడ్లజత ఇచ్చారు. దీక్షితులుగారిని పిలిచి, "ఆత్మజ్ఞాని భాష మౌనమన్నారు గదా, కొంతకాలం ఆ భాషలోనే మాట్లాడండి" అన్నాడు రాజు.

సాయంకాలం పురాణం వేళకు శాస్త్రి వచ్చాడు. ఈసారి రాజు దిండుకు చేరగిలబడలేదు, ఎదురుగా వచ్చి కింద కూర్చున్నాడు.

"శాస్త్రీ, తొందరపడను. నిజంగా అడుగుతున్నాను. ఈ బుద్ధి రోజూ కాస్త కాస్త పెరగాలంటే ఏం చెయ్యాలి?"

"కోపంలో ఆజ్ఞ ఇవ్వబోయేముందు ఒక్క ఊపిరి ఆగండి, ప్రభూ. ఈ మాట ధర్మం చెబుతోందా, 'నేను' చెబుతోందా అని లోపల అడగండి. 'నేను' అయితే దాన్ని తిట్టకండి, తరమకండి. చూసి, ఊరుకోండి. ఎవరైనా చూస్తున్నారంటే అల్లరివాడు కాస్త తగ్గినట్టు, అదీ తగ్గుతుంది. మర్నాడు మళ్ళీ వస్తుంది. మళ్ళీ చూడండి."

రాజు కళ్ళు మూసుకుని ఒక ఊపిరి తీసుకుని వదిలాడు. కళ్ళు తెరిచి అన్నాడు, "అంతేనా?"

"అంతే, ప్రభూ."

"మరి ఇందుకు ఇంత శాస్త్రం, ఇన్నేళ్ళ పురాణం దేనికయ్యా?"

"మా ఇళ్ళల్లో కూడా పొయ్యి వెలగాలి గదా, ప్రభూ" అన్నాడు శాస్త్రి, మీసం కదలకుండా.

ఉదయార్క మహారాజు కోట గోడలు మారుమోగేలా నవ్వాడు. నవ్వి నవ్వి, తన భుజంమీది జరీ శాలువా తీసి శాస్త్రికి కప్పి, నది ఒడ్డున మంచి మాగాణి ఒకటి అచ్చమాంబ పేర రాయించి ఇచ్చాడు.