పువ్వెరుగని ఆకురాతమ్మ

ఆకురాతిమిట్ట అమ్మవారి సన్నిధికి వచ్చే భక్తులు ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. ఈ గుడిలోకి పువ్వు రాదు. వాకిలికి ఎడమ పక్క కర్రల పందిరి ఒకటి ఉంటుంది. తలలో పూలున్న ఆడవాళ్ళు వాటిని తీసి ఆ పందిరికి తగిలించి లోపలికి వెళ్ళాలి. మూరెడు దండయినా, ఒక్క గులాబీ అయినా అంతే. తిరిగి వెళ్ళేటప్పుడు ఎవరి పూలు వాళ్ళు తీసుకోవచ్చు. చాలామంది తీసుకోరు.

అమ్మవారికి ఆకు పూజ. అదీ పువ్వు పూయని ఆకుతోనే. వాగు ఒడ్డున చెమ్మలో, రాళ్ళ సందుల్లో అది పెరుగుతుంది. సైన్సు పుస్తకాల్లో దాన్ని ఫెర్న్ అంటారు. ఇక్కడ అమ్మాకు అంటారు.

గర్భగుడిలో విగ్రహం లేదు. నిలువెత్తు పలకరాయి ఒకటి కొంచెం పక్కకు వాలి ఉంటుంది. దాని మీద మోచేతి పొడవున ఒక ఆకు. ఈత మట్టలా ఉంటుంది గాని ఈత కాదు. ఎవరూ చెక్కలేదు, రంగు వేయలేదు. బురద రాయిగా మారిన నాడే ఆ ఆకు అందులో ఉంది.

గుడి వెనక పాత గుంట గోడల్లో ఇలాంటివి ఇప్పటికీ కనబడతాయి. కింది పొరల్లో అన్నీ ఆకులు, మట్టలు, గరుకు కాయలు. పైన జానెడు మందంలో మాత్రం పెసరగింజంత పూలు ఉంటాయి. కాలేజీ పిల్లలను వెంటబెట్టుకుని వచ్చిన వృక్షశాస్త్రం మేడమ్ ఒకరు ఆ గోడ ముందు చాలాసేపు నిలబడ్డారు. కింది పొర బురదగా ఉన్న కాలంలో భూమి మీద పువ్వన్నదే లేదని, పై పొర నాటికి అప్పుడప్పుడే పూలు మొదలయ్యాయని, ఆ రెండింటి నడుమ లక్షల ఏళ్ళు గడిచాయని చెప్పారు. పలకలు కొట్టిన వాళ్ళకు లక్షల సంగతి తెలియదు. పువ్వురాయి పైన, ఆకురాయి కింద. అది తెలుసు. కింది పొరలో పువ్వు చూశానని చెప్పినవాడు ఇంతవరకు లేడు.

పూర్వం ఇక్కడ గుడి లేదు. పలకలు తీసే గుంట ఉండేది. చుట్టుపక్కల ఇళ్ళ కప్పులకు, అరుగులకు పలకలు ఇక్కడి నుంచే వెళ్ళేవి. పెంచలయ్య అనే మేస్త్రీ తన కింద ఎనిమిది మందిని పెట్టుకుని పని చేయించేవాడు. అతని చెల్లెలు మాలకొండమ్మ. భర్త పోయాక అన్న గుంటలోనే పలకలు విడదీసే పనికి వచ్చింది. ఆమెకు ఒక్కతే కూతురు, రోశమ్మ. తొమ్మిదేళ్ళ పిల్ల.

పలక విడదీయడం బలంతో అయ్యే పని కాదు. రాయిని నిలబెట్టి, అంచున ఉలి ఆనించి, మెల్లగా తట్టాలి. గట్టిగా కొడితే పగులుతుంది. తట్టితే పొర వెంబడి తెరుచుకుంటుంది. ఆకు ఉన్న పలక తెరుచుకుంటే ఆ ఆకు రెండు ముఖాల మీదా ఉంటుంది, ఒక దాని మీద ఉబ్బుగా, ఇంకో దాని మీద గుంటగా. ఆ రెండు సగాలనూ కలిపితే వెంట్రుక దూరే సందు ఉండదు. వేరే పలక తెచ్చి ఎంత అదిమినా కుదరదు.

రోశమ్మకు పువ్వురాళ్ళంటే ప్రాణం. పొద్దస్తమానం గుంట ఉత్తరపు గోడ పై అంచున కూర్చుని వాటిని ఏరుకునేది. తిట్టినా దిగేది కాదు. అందువల్ల రోశమ్మ ఎక్కడుందని అడగాల్సిన పని ఎవరికీ ఉండేది కాదు.

మూడు రోజులు ముసురు పట్టి తెరిపిచ్చిన ఒకనాడు పని మొదలైంది. పొద్దున్నే రోశమ్మ తల్లి దగ్గరికి వచ్చి తడి పలక ముక్కొకటి చేతికిచ్చింది.

"అమ్మా, ఇది చూడు. ఇంకో సగం ఆడే ఉంది. శానా పెద్దది."

"రాళ్ళు కొట్టేదానికి రాళ్ళు తెచ్చిస్తది నా కూతురు," అంది మాలకొండమ్మ. "పో, అవతల ఆడుకో పో."

పెంచలయ్య నవ్వాడు. "తీసుకోరాదా చెల్లే. నాకైతే మేనగోడలు ఇంతవరకు గులకరాయి కూడా ఇవ్వలా."

"నీ మీసాలు చూస్తే భయం మామా," అంది రోశమ్మ.

పనివాళ్ళందరూ నవ్వారు. మాలకొండమ్మ కూడా నవ్వి, ఆ ముక్కను కొంగున ముడి వేసుకుంది. దాని వంక చూడలేదు. ఎక్కడిదని అడగలేదు.

బారెడు పొద్దెక్కాక ఉత్తరపు గోడ కూలింది.

నాని ఉన్న మట్టి కాబట్టి పెద్దగా చప్పుడు కాలేదంటారు. పై పొర మొత్తం జారి, గుంట దాటి దక్షిణం వైపు పడింది. గోడ అడుగు మట్టితో పూడిపోయింది. దుమ్ము కూడా లేవలేదు. పనివాళ్ళు ఒకరినొకరు చూసుకుని లెక్క పెట్టుకున్నారు. ఎనిమిది మందీ ఉన్నారు. మేస్త్రీ ఉన్నాడు. మాలకొండమ్మ ఉంది. రోశమ్మ లేదు.

పెంచలయ్య క్షణం ఆలస్యం చేయలేదు. పువ్వురాళ్ళు ఎక్కడ పడ్డాయో చూశాడు. పిల్ల పై అంచున కూర్చుంటుంది, పై అంచు వచ్చి ఇక్కడ పడింది, కాబట్టి పిల్ల ఇక్కడే ఉంటుంది. ఆ లెక్కలో ఎవరికీ తప్పు కనబడలేదు. అందరూ దక్షిణం వైపు రాళ్ళు తొలగించసాగారు. మాలకొండమ్మ గోళ్ళతో మట్టి తోడింది. తోడే కొద్దీ పువ్వురాళ్ళే వచ్చాయి. ఊళ్ళోని ఆడవాళ్ళు గన్నేరు పూలు తెచ్చి ఆ కుప్ప అంచున పోసి, కనబడని దేవతలందరికీ మొక్కుకున్నారు.

మధ్యాహ్నానికి మాలకొండమ్మ కళ్ళు తిరిగి పడిపోయింది. ఆ మైకంలో ఆమెకు ఒక ఆడగొంతు వినిపించిందని ఇక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ గొంతులో కోపం లేదు, దయ కూడా లేదు.

"ఈ పూలు ఎవరికి తెచ్చారు? నాకు పువ్వంటే తెలియదు. పువ్వు పుట్టక ముందు దాన్ని నేను. నీ బిడ్డ నా దగ్గరుంది."

మాలకొండమ్మ లేచి కూర్చుంది. కొంగు ముడి విప్పింది. పొద్దున కూతురు ఇచ్చిన ముక్కను అప్పుడు చూసింది. చూసి, అన్న దగ్గరికి వెళ్ళింది.

"అన్నా, ఈడ లేదు. గోడ అడుగున ఉంది."

"నీకు మతి ఉందా? రోశి పైన కూర్చుంటదని లోకమంతా తెలుసు."

"పొద్దున ఇచ్చింది ఇది. చూడు. పువ్వు ఉందా?"

పెంచలయ్య బొటనవేలితో ఆ ముక్క మీద మట్టి తుడిచాడు. తిప్పి చూశాడు. మళ్ళీ తిప్పాడు.

"ఆకురాయి," అన్నాడు.

"ఇంకో సగం ఆడే ఉందనింది. పెద్దదనింది. దాని కోసమే మళ్ళీ పోయుంటది."

ఆకురాయి బయటపడి ఉన్న చోటు ఆ గుంటలో ఒక్కటే. ఉత్తరపు గోడ అడుగున, నీళ్ళు ఊరే సొరంగం లాంటి సందు. ఇప్పుడు దాని మీద మనిషెత్తు మట్టి ఉంది. అక్కడికి వెళ్ళాలంటే ఇక్కడి పని ఆపాలి.

"ఉండేది ఎనిమిది మంది," అన్నాడు పెంచలయ్య. "చెరి సగమైతే ఏ రాయీ లేవదు. తప్పయితే, చెల్లే?"

మాలకొండమ్మ అన్న చేతిలోని ముక్కను మళ్ళీ కొంగున ముడి వేసుకుంది. గునపం తీసుకుని ఉత్తరం వైపు నడిచింది. పువ్వురాళ్ళ కుప్ప మీదుగానే నడవాలి. ఒక్కొక్క రాతి మీద కాలు పెట్టే ముందు, దీని కింద బిడ్డ ఉందేమోనని ఆగిందట. ఆగుతూనే దాటింది. ఆమె వెనక పెంచలయ్య, అతని వెనక ఎనిమిది మంది నడిచారు.

పొద్దు వాలే దాకా తవ్వారు.  చివరికి మట్టి కింద కొత్తగా విడిన రాతి ముఖం ఒకటి తగిలింది. దాని మీద మోచేతి పొడవు ఆకు ఉంది, ఒక మూల కొస మాత్రం లేదు. మాలకొండమ్మ కొంగు ముడి విప్పి, కూతురు ఇచ్చిన ముక్కను ఆ మూల పెట్టింది. అతుక్కుపోయింది. వెంట్రుక దూరే సందు లేదు.

ఆ పలక కూలిన మట్టిని భుజాన మోస్తూ గోడకు వాలి నిలబడి ఉంది. దాని వెనక మనిషి పట్టేంత చోటు. అందులో రోశమ్మ. ఎడమ కాలు నలిగింది. ఊపిరి ఉంది.

బయటికి తీసి ముఖాన నీళ్ళు చల్లితే కళ్ళు తెరిచింది. మొదట అడిగిన మాట ఇది.

"అమ్మా, నా ఆకు చూశావా?"

"చూశా తల్లీ," అంది మాలకొండమ్మ. "ఇప్పుడే చూశా."

పెంచలయ్య ఆ పలకను కదపనివ్వలేదు. ఆ గుంటలో మళ్ళీ ఉలి పెట్టలేదు. వాలిన పలక చుట్టూ గోడలు కట్టించాడు. అదే ఇప్పటి గర్భగుడి. కుప్ప అంచున పోసిన పూలను ఎత్తి బయట పందిరికి కట్టించాడు. పువ్వు మీద అమ్మవారికి కోపం లేదు. పువ్వు వైపు వెతుకుతూ సగం రోజు పోగొట్టుకున్నామని మరిచిపోకుండా ఉండడానికే ఈ నియమం.

రోశమ్మ కుంటుతూనే పెరిగింది. పెళ్ళాడింది, పిల్లల్ని కన్నది. ఈ గుడికి తొలి పూజారిణి ఆమె. నాటి నుంచి ఆమె వంశపు ఆడవాళ్ళే పూజ చేస్తున్నారు. ఇప్పుడు చేస్తున్నది గురవమ్మ గారు.

దూరం పంపవలసిన బిడ్డ, జబ్బు పడిన బిడ్డ, కబురు లేని బిడ్డ ఉన్న తల్లులు ఇక్కడ సగం పలక మొక్కు మొక్కుకుంటారు. గోడల నుంచి రాయి తీయరు. వాగు కోసి ఒడ్డున పడేసిన పలకలే ఏరి తెస్తారు. గురవమ్మ గారు ఉలి ఆనించి పలకను రెండుగా విడదీస్తారు. ఒక సగం గుడి గూట్లో ఉంటుంది. ఒక సగం బిడ్డ వద్దకు వెళుతుంది. బిడ్డ క్షేమంగా వచ్చిన నాడు రెండూ కలిపి వాగులో వదులుతారు. గూట్లో ఎదురు చూస్తున్న సగాలను తాకరాదు.

విడదీసే ముందు గురవమ్మ గారు తల్లిని ఒక్కటే అడుగుతారు.

"కడసారి నీ బిడ్డ నీకేం ఇచ్చింది? ఏం చెప్పింది?"

"బాగానే ఉన్నానని చెప్పిందమ్మా" అంటే ఒప్పుకోరు. అది అందరు బిడ్డలూ చెప్పే మాట. సరిగ్గా ఏమన్నదో చెప్పాలి. చెప్పలేకపోతే ఉలి పక్కన పెట్టేస్తారు. "పోయి విని రా," అంటారు. కసురుకోరు. కబురు లేని బిడ్డల తల్లులు గుడి అరుగు మీద కూర్చుని గుర్తు తెచ్చుకుంటారు. ఎంతసేపైనా కూర్చోనిస్తారు.

ఈ పుస్తకం రాస్తున్న నన్ను రెండుసార్లు తిప్పి పంపారు. మూడోసారి ఆసుపత్రిలో మా అమ్మాయి మంచం పక్కన కూర్చుని, అది చెప్పినదంతా మధ్యలో అడ్డుపడకుండా విని వచ్చాను. అప్పుడు పలక విడదీశారు. ఒక సగం దాని దిండు కింద ఉంది.

అమ్మవారిని కొలిస్తే ఆపద రాదని ఈ పుస్తకంలో రాయలేను. రోశమ్మకు ఆపద వచ్చింది. వెతకవలసిన చోటు మాత్రం అమ్మవారు చూపిస్తుంది. అదే ఇక్కడి ఫలం. దర్శనం పొద్దున ఆరింటి నుంచి దీపాల వేళ దాకా. మొక్కుకోదలచిన తల్లులు తొందరపడి బయలుదేరక, ముందు ఇంట్లో బిడ్డ మాట విని, తర్వాత రావలసిందిగా మనవి.