పన్నెండో పిల్ల అభిప్రాయం

వాగు ఒడ్డున చింతతోపులో జంతువుల కాలేజీ ఒకటి ఉండేది. దానికి ప్రిన్సిపాలు ముసలి ఎద్దు. వయసంతా నాగలి లాగింది కనుక దానికి పని విలువ తెలుసు, మాట విలువా తెలుసు.

ఒకనాడు ఎద్దు తన గుమాస్తా నక్కను పిలిచింది.

"నక్కయ్యా, రాబోయే పదేళ్లలో మన కాలేజీ ఎలా ఉండాలో ఇప్పుడే రాసిపెట్టుకోవాలి. అది నేనొక్కణ్ణే కూర్చుని రాసేది కాదు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మనం అడగకపోతే వాళ్లు మాత్రం ఏం చెబుతారు? గడప గడపకూ వెళ్లి అడుగు. చెప్పింది చెప్పినట్టు రాయి. కింద కాలిముద్ర వేయించు. వారం గడువు."

"చిత్తం అయ్యగారూ! చీమను కూడా వదలను," అంటూ నక్క నడుము విరిగేలా వంగింది.

బయట ఎండ మాడు పగలగొడుతోంది. నక్క రెండు గడపలైనా ఎక్కలేదు. తిన్నగా ముళ్లగుట్ట మీద తన గుహకు పోయి నీడన వెల్లకిలా పడుకుంది. పనిదొంగకు పడుకున్నప్పుడే ఆలోచనలు వస్తాయి.

'కాలేజీ ఈ గుట్ట మీదికే వచ్చేస్తే? పిల్లలన్నీ రోజూ నా గుహ ముందునుంచే నడవాలి. అందులో కోడిపిల్లలు... వరసగా... ఒకదాని వెనక ఒకటి...'

నోట్లో నీళ్లూరాయి. వెంటనే లేచి, తాటాకుల మీద అందరి అభిప్రాయాలూ తనే రాసేసింది. తెల్లవారి, ఎవరి ఆకు వాళ్లు నడిచే దారిలో పడేలా వాటిని వాగు రేవులో పరిచింది. నీళ్లు తాగి బురదకాళ్లతో వెనక్కి వచ్చిన ప్రతి జంతువూ వాటిని తొక్కుకుంటూ పోయింది. ముద్రలు వాటంతటవే పడ్డాయి. ఈ ఆకులు ఎవరు పరిచారని ఒక్కరూ అడగలేదు. కాలికింద ఏముందో చూసుకోకపోవడం కూడా తప్పే.

వారం తిరిగింది. పొద్దున్నే తోపులో సభ. కోడి తన గంపలో కూర్చునే వచ్చింది. ఆ గంపను గేదె వీపు మీద పెట్టుకుని తెచ్చింది. మొన్ననే పుట్టిన పదకొండు పిల్లలు గంప చుట్టూ కిచకిచలాడుతున్నాయి.

నక్క గొంతు సవరించుకుని చదివింది.

"బాతు అభిప్రాయం. నీళ్లంటే మాకు విసుగు పుట్టింది. కాలేజీ ముళ్లగుట్ట మీదికి మార్చాలి."

"నేనా? నీళ్లంటే నాకు విసుగా?" బాతు రెక్కలు టపటపలాడించింది.

"మరిచిపోయినట్టున్నావు అక్కా. ఇదిగో నీ కాలిముద్ర."

బాతు వంగి చూసింది. ముద్ర తనదే.

"గేదె అభిప్రాయం. రాళ్లగుట్ట ఎక్కితే ఒంటికి మంచిది. కాలేజీ అక్కడే ఉండాలి."

"అన్నానేమోలే," అని గేదె నెమరు ఆపింది. "నీళ్లలో పడుకుంటే నేనేం అంటానో నాకే తెలియదు."

"గాడిద అభిప్రాయం. కాలేజీ గుట్ట మీద ఉండాలి. సంగీతం పీరియడు ఎత్తేయాలి."

"సంగీతం వద్దని నేనన్నానా?" గాడిద లేచి నిలబడింది. "అంతకంటే నా గొంతు కోసేయండి!"

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి," అంది నక్క. "ముద్ర వేసి మాట మారుస్తావా మామా?"

ఎద్దు ఆకులన్నీ తిప్పి చూసింది. "ముద్రలైతే ఉన్నాయి. అందరి మాటా ఇదే అయితే నేను కాదనను. రేపే తరగతులు గుట్టకు మారుద్దాం. ఇంకెవరైనా చెప్పేది ఉందా?"

కోడి తన పిల్లల వైపు చూసుకుంది. తర్వాత నక్క వైపు తిరిగి నెమ్మదిగా అడిగింది.

"నక్కన్నా, మా ఇంటికీ వచ్చావా?"

"రాకేం చెల్లీ? నువ్వు గింజలకు పోయావు. నీ పిల్లలే చెప్పాయి."

"అన్నీ చెప్పాయా?"

"అన్నీ!"

"నావి పన్నెండు. ఆ పన్నెండోది ఇంతవరకు ఎవరితోనూ మాట్లాడలేదే! నీతో మాట్లాడిందా?"

"మాట్లాడ్డమా! దాన్ని ఆపడం నా తరం కాలేదు. 'గుట్ట మీద పరుగెత్తాలని ఉంది మామా' అంటూ నా తోక పట్టుకుని వదల్లేదు. ఎంత ముద్దొచ్చిందో!"

"రంగేమిటో చూశావా?"

"ఎర్రగా నిగనిగలాడుతోంది. అచ్చం నీ పోలికే."

"కాలిముద్ర వేసిందా?"

"ఇదిగో!" నక్క రేవులో ఏదో పిట్ట తొక్కిన ఒక చిన్న ముద్ర చూపించింది.

కోడి గంపలోంచి లేచి పక్కకు జరిగింది. గడ్డి మధ్య తెల్లగా ఒక గుడ్డు.

"అయ్యగారూ, ఇదే నా పన్నెండోది. ఇంకా పెంకు పగలలేదు."

ముందుగా గాడిద ఓండ్ర పెట్టింది. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! గుడ్డు పగలకుండానే కాలిముద్ర!"

సభంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. "అయితే నేనూ అనలేదన్నమాట!" అని గేదె అందరికంటే ఆలస్యంగా నవ్వింది.

ఎద్దు మాత్రం నవ్వలేదు. "నవ్వింది చాలు. మీరూ తలలు దించండి. అనని మాటకు 'అన్నానేమో' అని ఊరుకుంటే రేపు మీ పిల్లల గతి ఏమిటి? నక్కా, ఇప్పుడే బయలుదేరు. ప్రతి గడపా ఎక్కు. వాళ్లు చెప్పింది నీ చేత్తోనే రాయి, వాళ్లకే చదివి వినిపించు. అందరిదీ అయ్యేదాకా నీకు కూడు లేదు."

నక్క నడిచింది. బాతు నీళ్లలోంచి బయటికి రానంది. నక్క మెడలోతు నీళ్లలో నిలబడి రాసుకుంది. గాడిద తన అభిప్రాయాన్ని పాడి చెబుతానంది. ఆ పాట పూర్తయ్యేసరికి ఎండ నడినెత్తికెక్కింది. గేదె ఒక్క మాట చెప్పడానికి మూడుసార్లు నెమరు వేసింది.

చివరిగా కోడి గడప.

"రాసుకో అన్నా," అంది కోడి. "ఒకటి, కాలేజీ చింతతోపులోనే ఉండాలి. రెండు, పిల్లలు నడిచే దారిలో నక్క నీడ కూడా కనపడకూడదు. రాశావా?"

"రాశాను."

"చదువు."

నక్క గొణిగింది.

"అలా కాదు. లోపల పిల్లలున్నాయి, వాటికీ వినపడాలి."

నక్క గొంతెత్తి చదివింది. లోపల పదకొండు పిల్లలూ ఒక్కసారిగా "బాగుంది మామా!" అన్నాయి.

అడగకుండా రాసిన మాట పదిమందిదీ కాదు, అది రాసినవాడి ఆకలి మాత్రమే.