ఆడవార్డుకొచ్చిన తూకం మిషన్

మా ప్రొఫెసర్ వకుళ మేడమ్‌కి కూర్చున్నచోట జవాబు చెప్పే అలవాటు లేదు. ఎవరేం అడిగినా చెప్పుల్లో కాళ్లు దూర్చి "నడవండి" అనేవారు. ఆ పెద్దాసుపత్రి వరండాలో, ఫినాయిలు వాసనలో, ఆమె వెనకాల పరుగులాంటి నడకతో గడిచిన ఉదయాలు ఇప్పటికీ నా మనసు వదలవు.

ఓ ఉదయం నా తోటి హౌస్‌సర్జన్ నీలోఫర్ అడిగింది. "మేడమ్, ఈ యాంటీబయాటిక్ ఒకరిని ఏమీ చెయ్యదు, ఇంకొకరి రక్తాన్నే దెబ్బ తీస్తుంది. ఎవరికి ప్రమాదమో ముందే తెలుసుకోవడం ఎలా?"

ఆ పిల్ల కంగారుకి కారణం ఉంది. కాలి ఎముకకి చీము పట్టిన ఆదెమ్మ అనే కూలీమనిషికి కొన్ని వారాలుగా ఆ మందు ఇస్తోంది. కాలు కుదుటపడుతోందనుకుంటుండగా చేతుల మీద ఊదారంగు మచ్చలు తేలాయి, చిగుళ్లలోంచి రక్తం వచ్చింది. రక్తాన్ని గడ్డకట్టించే కణాలు బాగా పడిపోయాయి. మందు ఆపితే కాలు పోవచ్చు, ఆపకపోతే ప్రాణమే పోవచ్చు. మగవార్డులో అదే జబ్బుకి అదే మోతాదు మింగుతున్న వీరాస్వామి మాత్రం నిక్షేపంగా పేకాడుకుంటున్నాడు.

"ఆదెమ్మ బరువెంత?" అన్నారు మేడమ్.

"యాభై కిలోలు మేడమ్."

"తూచావా?"

"లేదు మేడమ్, చూసి రాశాను."

తూకం మిషన్ ఉండేది మగవార్డులో. అంతమంది మగవాళ్ల ఎదుట ఆడవాళ్లు అది ఎక్కరు. అందుకని మనిషిని చూసి అందాజుగా రాయడం మా ఆసుపత్రి ఆచారం. ఆ రోజుల్లో మా కాగితాల్లో ఆడవాళ్లంతా యాభై కిలోలే.

మేడమ్ తిన్నగా మగవార్డుకి వెళ్లి మిషన్‌ని తనే బరబరా ఈడ్చుకొచ్చారు.

"డాక్టరమ్మా, అది మాది!" అని అరిచాడు వీరాస్వామి.

"నీకెందుకయ్యా? నీ పొట్ట నీకు కనిపిస్తూనే ఉందిగా!"

ఆదెమ్మ ఎక్కింది. ముల్లు ముప్పై ఆరు దగ్గర ఆగిపోయింది.

"అదేందమ్మా, బాగానే తింటదే!" అన్నాడు పక్కనున్న మొగుడు సోములు.

"నేను తినడం నువ్వెప్పుడు చూశావు మావా?" అని ఆదెమ్మ నవ్వింది. మేమెవ్వరం నవ్వలేదు.

మేడమ్ ఆమె కింది రెప్ప లాగి చూశారు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. "మంచినీళ్లు తాగుతావా?"

"పొలంలో చాటెక్కడిది డాక్టరమ్మా? తాగితే ఒంటికి కూచోవాలిగా."

కిడ్నీల పరీక్షకి పంపారు. అవీ నీరసించే ఉన్నాయి. లోపలికెళ్లిన మందు బయటికి పోలేక ఆ చిన్న ఒంట్లోనే పేరుకుపోతోంది. ఇదంతా ముందే తెలిసి ఉంటే మొదటినుంచీ ఆమె రక్తాన్ని కనిపెట్టుకుని ఉండేవాళ్లం. మేడమ్ ఆ రోజే ఆ మందు ఆపి, ఆమె బరువుకీ కిడ్నీలకీ సరిపడేలా వేరే మందు మొదలుపెట్టారు. కణాలు మెల్లగా పెరిగాయి. కాలు కొంచెం పొట్టిగా మిగిలింది గానీ, మిగిలింది.

ఆదెమ్మ ఇంటికి వెళ్లిన రోజు నీలోఫర్ వేళ్లు ముడుస్తూ అంది. "తక్కువ బరువు, నీరసించిన కిడ్నీలు, ముందే తగ్గిన రక్తం, ఎక్కువకాలం వాడకం. ఇవేనా మేడమ్ జవాబు?"

"పరీక్షలో అలాగే రాయి, మార్కులేస్తారు."

అంతలో వార్డుబాయ్ మిషన్‌ని వెనక్కి తీసుకెళ్లడానికి వచ్చాడు. మేడమ్ దాని మీద చెయ్యేసి ఆపారు.

"ఇక్కడే ఉండనీ. మగాళ్లనే ఇటొచ్చి తూగమను. సిగ్గుపడితే, అందాజుగా రాసుకుందాం."