గండప్పను పడుకోబెట్టిన చిలుక

అనగనగా ఏరు దాటితే ఒక కోట, కోట దాటితే ఒక పేట. ఆ పేటలో గండప్ప అనే మల్లయోధుడు ఉండేవాడు. రోకళ్ళలాంటి చేతులు, గుమ్మం పట్టని భుజాలు. అతను నడిచొస్తుంటే వీధికుక్కలు కూడా దారి ఇచ్చేవి.

ఒకనాడు కుస్తీలో గెలిచిన గండప్పకు రాజుగారు పిడికెడంత చిలుకను బహూకరించారు. "వసంతోత్సవానికి దీన్ని భుజం మీద కూర్చోబెట్టుకుని రావయ్యా, చూసి సంతోషిస్తాను" అన్నారు.

"ఏనుగుల్లాంటి వాళ్ళను ఎత్తి పడేశాను ప్రభూ! ఇదెంత?" అని మీసం దువ్వాడు గండప్ప.

ఇంటికి రాగానే పంజరంలో చెయ్యి పెట్టి చిలుకను పట్టుకోబోయాడు. అది చటుక్కున వేలు కొరికింది. గండప్ప పెట్టిన కేకకు వీధి వీధంతా ఉలిక్కిపడింది.

మర్నాడు దాని ఎదుట నిలబడి, గోదాలో లాగా తొడ చరిచి, "రా నా భుజం మీదికి!" అని గర్జించాడు. చిలుక ఈకలు ఒంటికి అతుక్కుపోయేలా ముడుచుకుని మూలకు నక్కింది.

ఇక మూడో ఉపాయం. "ఆకలేస్తే అదే దిగొస్తుంది" అని గింజల గిన్నె తీసేశాడు. చిలుక దిగిరాలేదు. దూదిబంతిలా ఉబ్బి కూర్చుని, తన రొమ్ము ఈకలు తానే పీక్కోసాగింది.

పంజరం అడుగున ఆ పచ్చటి ఈకలు చూసేసరికి గండప్ప గుండె గుభేలుమంది. "సింగమ్మా! ఇది చచ్చిపోయేలా ఉందే!" అని భార్యను పిలిచాడు.

సింగమ్మ గబగబా గింజలూ నీళ్ళూ పెట్టింది. "మీరేమో గాదెంత మనిషి. మీ చెయ్యి పైనుంచి దిగుతుంటే దానికి డేగ దిగినట్టు ఉండదూ?" అంది.

ఆ మాట అతని మనసులో నాటుకుంది. పంజరాన్ని నేల మీద పెట్టి, దాని తలుపు తీసి, పక్కనే వెల్లకిలా పడుకున్నాడు. అరచేతిలో జామపండు ముక్క పెట్టుకుని సన్నగా జోలపాట అందుకున్నాడు. చిలుక తొంగిచూసి వెనక్కి పోయింది. గండప్ప రోజూ అలాగే పడుకున్నాడు. కొన్నాళ్ళకు అది బయటికొచ్చి, తల వంచి ఒంటికన్నుతో చూస్తూ, అతని చేతి దాకా నడిచింది.

సరిగ్గా అప్పుడే పాలమ్మే పోలమ్మ కిటికీలోంచి చూసింది. "అయ్యయ్యో! గండప్పను ఎవరో పడగొట్టారు!" అంటూ పరుగెత్తింది. క్షణంలో పేటంతా కిటికీ దగ్గర మూగింది.

"మల్లుడి వీపు నేలకు తగిలిందిరోయ్! ఓడిపోయాడు!" అని పకపకా నవ్వారు.

గండప్ప ముఖం కందగడ్డయింది. లేచి ఒక్క హుంకారం చేస్తే అందరూ పారిపోతారు. కానీ చిలుక కూడా పారిపోతుంది. అతను పళ్ళు బిగబట్టి కదలకుండా పడుకున్నాడు.

చిలుక అరచేతిలోకి ఎక్కింది. జామముక్క కొరికింది. మెల్లగా భుజం మీదికి చేరి, చెవి పక్కన ఒదిగి, ముక్కు కరకరలాడిస్తూ హాయిగా కళ్ళు మూసుకుంది. నవ్వేవాళ్ళు నోళ్ళు తెరిచి చూస్తుండిపోయారు.

వసంతోత్సవానికి గండప్ప ఒంటరిగా వెళ్ళాడు.

"చిలుక ఏదయ్యా?" అన్నారు రాజుగారు.

"ఈ డప్పుల మోతకు బెదిరిపోతుందని తేలేదు ప్రభూ. మాట తప్పాను, శిక్షించండి. మా ఇంట్లో అయితే దానంతట అదే వచ్చి వాలుతుంది."

"అయితే మేమే వస్తాం, పద!"

గండప్ప చెప్పినట్టే రాజుగారు కిరీటం తీసి పక్కన పెట్టి, చాప మీద వెల్లకిలా పడుకున్నారు. చిలుక ఆయన చుట్టూ తిరిగి పరిశీలించింది. గుండెల మీదికెక్కి మీసం పట్టి లాగింది.

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "మనల్ని చూసి భయపడేవాళ్ళు ఎందరో ఉన్నారు గండప్పా! ఇంత చనువుగా దగ్గరికొచ్చేది ఇదొక్కటే" అని తన ముత్యాలహారం తీసి అతని మెడలో వేశారు.

బెదిరిస్తే ఎవరైనా లొంగుతారేమో గానీ, దగ్గర కావాలంటే బలవంతుడే ముందు తగ్గాలి.