కాశిం సాహెబు క్యూలో నిలబడ్డ రోజు

కాశిం సాహెబు శిష్యుల ప్రశ్నలకు నోటితో జవాబు చెప్పే మనిషి కాడు. నాదస్వరం ఊదే నోటిని వాదనలతో అరగదీయడం ఆయనకు గిట్టదు.

ఆ వేసవిలో పోలింగు రోజునే మంచి ముహూర్తం పడింది. పక్క ఊళ్ళో పెళ్ళికి మేళం వెళ్ళాలి. ఇరవై ఏళ్ళ శిష్యుడు చంద్రమౌళికి మొదటి ఓటు వచ్చింది కూడా ఈ ఎన్నికలకే.

"క్యూలో నిలబడితే పెళ్ళికి ఆలస్యమైపోద్ది, గురువుగారూ. నా ఒక్క ఓటు పడకపోతే ఏం మునిగిపోద్ది?" అని ముందురోజు సాయంత్రం అడిగాడు.

సాహెబు తెల్లారగానే ఇస్త్రీ పంచె, జరీ కండువా వేసుకుని, అత్తరు పూసుకుని, శిష్యుణ్ణి వెంటబెట్టుకుని పోలింగు జరిగే బడికి వెళ్ళాడు. క్యూ కోసం వేసిన పందిట్లో నిలబడ్డాడు. పెళ్ళికొడుకు కూడా ఇంత ముస్తాబవడని మౌళి లోలోపల విసుక్కున్నాడు. రోడ్డు మీద, పెళ్ళికి తీసుకెళ్ళాల్సిన ఆటో అతను హారన్ కొడుతూనే ఉన్నాడు.

గంటకి బల్ల దాకా చేరారు. అక్కడి ఉద్యోగిని జాబితా రెండుసార్లు తిరగేసింది. "మీ పేరు లేదు, పెద్దాయనా."

"వీడిది ఉంటుంది చూడు తల్లీ," అని, మౌళి చేతిలోని నాదస్వరం తీసుకుని సాహెబు బయటికి నడిచాడు.

మౌళి ఓటు వేసి వచ్చేసరికి గురువు బడి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. శిష్యుడి వేలు పట్టుకుని, సిరా చెదరకుండా, చాలాసేపు చూశాడు. మౌళి పక్క మెట్టు మీద కూలబడ్డాడు.

"పేరు లేదని మీకు తెలీదా?"

"జాబితా గోడకి అంటించిన నాడే చూశాను. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఎక్కడో పెళ్ళే. వచ్చేసారి చూద్దాంలే అనుకుంటూ పోయాను. ఇంటికొచ్చి వాకబు చేసినోళ్ళకి తాళం కనబడింది, పేరు కొట్టేశారు."

"మళ్ళీ రాయించుకోవచ్చుగా?"

"రాయించాను. వచ్చేసారికి వస్తదంట. అప్పటికి నాకు ఎనభై నాలుగు."

మౌళి తల వంచుకున్నాడు. ఆటో ఇంకా పిలుస్తూనే ఉంది.

"మరి గంటసేపు ఎందుకు నిలబడ్డారు?"

సాహెబు లేచి కండువా సర్దుకున్నాడు.

"ఎన్ని పందిళ్ళకో వేళకి అందాను రా," అన్నాడు. "ఈ పందిట్లో ఒక్కసారన్నా నిలబడాలనిపించింది."